మూత్రపిండంలో కంతి: కోయవలెనా, వేచి చూడవలెనా?

జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. బిష్టుపూరులోని రామమందిరం వారందరికీ కూడలి. అటువంటి గృహస్థు ఒకరు, పిత్తాశయంలో రాళ్లున్నవేమోనని 1908లో వెలసిన టాటా మెయిన్ హాస్పిటల్‌లో స్కానింగు చేయించుకొన్నారనుకొందాం. రాళ్లు లేవు, కాని మూత్రపిండంలో ఒక కంతి కనిపించింది. "ఇది క్యాన్సరు కాదు" అని వైద్యుడు చెప్పగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకొంటారు. ఆ వెంటనే సందేహం: మరి దీనిని తీసివేయవలెనా?

ఇట్టి నిరపాయకరమైన కంతులలో తరచుగా కనిపించేది ఆంజియోమయోలైపోమా. రక్తనాళాలు, కండరం, కొవ్వు కలిసి ఏర్పడిన గడ్డ ఇది. ఇందులోని కొవ్వే సి.టి. స్కానులో దీనిని పట్టి ఇస్తుంది. కొవ్వు మరీ స్వల్పమైతే మాత్రం క్యాన్సరు కాదని తేల్చుకొనుటకు మరికొన్ని పరీక్షలు అవసరం కావచ్చు.

దీనివలన కలిగే అసలు ముప్పు రక్తస్రావం. కంతిలోని రక్తనాళాల గోడలు బలహీనమైనవి. అవి బుడగలవలె ఉబ్బి ఒక్కొక్కప్పుడు పగులుతాయి. డొక్కలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, మూత్రంలో రక్తం, కళ్లు తిరిగి పడిపోవుట దాని సూచనలు. అప్పుడు క్షణం ఆలస్యం చేయరాదు.

1980వ దశకం నుండి 4 సెంటీమీటర్ల పరిమాణం చికిత్సకు హద్దుగా చెలామణి అయింది. అంతకు మించినా ఏళ్ల తరబడి నిశ్చలంగా ఉండే కంతులు అనేకమని తరువాతి అనుభవం తెలిపింది. కనుక నేడు వైద్యులు కొలత ఒక్కదానినే చూడరు. కంతి త్వరగా పెరుగుతున్నదా? లోపలి నాళపు ఉబ్బు 5 మిల్లీమీటర్లు దాటినదా? రోగి గర్భవతి కాదలచినదా? ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యువ్యాధి ఉన్నదా? మరొక ప్రశ్న కూడ ముఖ్యమే: ఆపద వేళ ఆసుపత్రి ఎంత దూరం? బిష్టుపూరు నివాసికి వేచి చూచుట క్షేమం కావచ్చు. నోవాముండి గనుల చెంత నివసించే వానికి అదే కంతి విషయంలో ముందుగా చికిత్స మేలు కావచ్చు.

చికిత్స అనగా మూత్రపిండాన్ని తీసివేయుటే కాదు. తొడ మూలం వద్ద ధమనిలోనికి సన్నని గొట్టం పంపి, కంతికి రక్తం అందించే నాళాన్ని మూసివేయవచ్చు. లేదా కంతిని మాత్రమే కోసి తీయవచ్చు. జన్యువ్యాధి వలన పుట్టిన కంతులను కుదించుటకు ఎవెరోలిమస్ అనే మందు కలదు.

చిన్న కంతియై బాధ లేనప్పుడు, వైద్యుడు చెప్పిన గడువులలో స్కానింగు చేయించుకొని, పాత రిపోర్టులు భద్రపరచుకొంటే చాలును. నిరపాయకరమని కంతిని మరువరాదు; కంతి ఉన్నదని భయపడి మూత్రపిండాన్ని పోగొట్టుకొనరాదు.