అబిడ్స్ మేడ మెట్లు దిగాల్సిన మిషన్

బొంతలూ రజాయిలూ పరుపంత వెడల్పున కుట్టే లాంగ్‌ఆర్మ్ మిషన్‌లో నిజానికి రెండు యంత్రాలున్నాయి. ఒకటి సూదీ, హుక్కూ, మోటారూ ఉండే తల. దాని మెడ మామూలు కుట్టుమిషన్ కంటే చాలా పొడవు, 18 నుంచి 30 అంగుళాల దాకా ఉంటుంది. రెండోది గుడ్డను రోలర్ల మీద బిగబట్టే చట్రం. మూడు మీటర్ల పొడవున్న దాని పట్టాల మీద తల చక్రాలతో దొర్లుతుంది. గుడ్డ నిలిచి ఉంటే మిషనే తిరుగుతుందన్నమాట. హైదరాబాద్ అబిడ్స్‌లో ఒక పాత మేడ మీదున్న ఇలాంటి మిషన్‌ను నాంపల్లికి మార్చాలనుకుందాం. దారి నడిచిపోయేంతే, చిక్కంతా మెట్ల మలుపులో ఉంది. అక్కడ పట్టనిదల్లా విప్పేయడమే మార్గమని చాలామంది అనుకుంటారు. కానీ ఏది విప్పాలో తేల్చాల్సింది కొలత. కొత్త గదిలో చేతిలో ఉండే సాధనాలతో మళ్లీ కొలిచి సరిచేసుకోగలిగినదాన్నే విప్పాలి.

ముందు తల సంగతి. సూది అడుగుకంటా దిగి, రెండు మిల్లీమీటర్లకు కాస్త అటూఇటుగా పైకి లేచేసరికి దాని పక్కన దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. ఆ క్షణంలోనే హుక్ మొన ఆ ఉచ్చులో దూరి, పైదారాన్ని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ పెనవేసుకునేది అప్పుడే. హుక్ మొనకూ సూదికీ మధ్య ఎడం పల్చటి కాగితమంత ఉండాలి. ఎక్కువైతే కుట్టు తప్పుతుంది, రెండూ తగిలితే సూది విరగొచ్చు. నిమిషానికి 1,800 కుట్లంటే సెకనుకు 30. ఒక్కో కుట్టుకు హుక్ రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి సెకనుకు 60 చుట్లు. ఇంత వేగంలోనూ ఈ పొందిక చెడకుండా కాపాడేది హుక్‌ను ఇరుసుకు బిగించిన చిన్న మరలు. వాటిని వదులుచేస్తే పోయే కొలత టేపుకు దొరకదు. కాబట్టి తలను విప్పకూడదు. సూది తీసేసి, హ్యాండిళ్లనూ చక్రాలనూ పట్టి లాగకుండా, గట్టి పోత భాగాన్ని పట్టుకుని ఇద్దరు మనుషులు దానిని నిటారుగా దించాలి.

చట్రం సంగతి పూర్తిగా వేరు. దాని కొలతలన్నీ టేపుకూ రసమట్టానికీ అందుతాయి. మూడు మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చట్రంలో ఒక పొడుగు భుజం తన పొడవు వెంట 1 సెంటీమీటరు జరిగినా కంటికి ఆనదు. అదే మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలిస్తే తేడా దాదాపు 2 సెంటీమీటర్లు వస్తుంది. తప్పును రెట్టింపు చేసి చూపించే కొలత ఇది, మేస్త్రీలందరికీ తెలిసిందే. ఇక మట్టం. మూడు మీటర్లలో పట్టా 6 మిల్లీమీటర్లు వాలితే వాలు 500లో ఒకటో వంతు. 25 కిలోల తలను పల్లం వైపు 50 గ్రాముల బరువంత బలం ఎప్పుడూ లాగుతూ ఉంటుంది. తిన్నగా వేయాల్సిన గీత వంకరపోవడానికి అది చాలు. అయినా కాళ్ల కింది మరలు తిప్పితే సరిపోతుంది. కాబట్టి చట్రాన్ని విప్పొచ్చు. ఏటా సాధారణంగా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ ప్రదర్శనకు నాంపల్లిలో జెయింట్ వీల్ లేస్తుంది, ముగిశాక దిగుతుంది. విడదీయడానికే చేసిన అతుకుల దగ్గర విడిపోవడం వల్లే అది సాధ్యం. చట్రం కూడా అలాంటిదే.

గుర్తులు పెట్టుకుని, ఫొటోలు తీసుకుని తలను విప్పితే తప్పేమిటని అడగొచ్చు. పెన్నుతో గీసిన గీత మందమే దాదాపు అర మిల్లీమీటరు. కావాల్సిన కచ్చితత్వమేమో మిల్లీమీటరులో పదో వంతు. ఆ గీత చట్రానికి పనికొస్తుంది, హుక్‌కు పనికిరాదు. అసలేమీ విప్పకుండా మొత్తంగా దించితే మేలు కదా అనేవారూ ఉంటారు. కానీ మలుపులో మెలితిరిగి వంగిన పట్టాను ఏ మరా తిన్నగా చేయలేదు. సరైన గేజీలున్న మెకానిక్ వస్తే మాత్రం హుక్‌నూ విప్పొచ్చు. కొలిచే సాధనం ఉంది కాబట్టి అప్పుడూ మొదటి మాట నిలిచే ఉంటుంది. ఈ మాటకు ఇంకో ఉదాహరణ: నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు మారింది. టెలిస్కోపు ఇరుసును ధ్రువం వైపు మళ్లీ సరిచూసుకోవాలంటే దానికి కొలబద్దలైన నక్షత్రాలు అక్కడి ఆకాశంలోనూ ఉన్నాయి.

నాంపల్లిలో బిగించాక ముందు కర్ణాలు, ఆ తర్వాత మట్టం చూడాలి. కరెంటు ఇవ్వకముందే మిషన్ తిప్పే చక్రాన్ని చేత్తో నిండుగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని తేల్చుకోవాలి. పాత గుడ్డ మీద కుట్టి చూసినప్పుడు కుట్టు తప్పితే వెంటనే హుక్ మీద అనుమానపడకూడదు. కొత్త సూది వేసి, దారం మళ్లీ ఎక్కించి చూడాలి.