రీవా వారి మోటారు పడవలు

ఇటలీ దేశమున ఇసెయో సరస్సు తీరమందు సార్నికో అను చిన్న పట్టణము కలదు. 1842లో పియెత్రో రీవా అచ్చట పడవల కర్మశాలను నెలకొల్పెను. అతని కుమారుడు ఎర్నెస్తో పడవలకు మోటారు నమర్చెను. మనుమడు సెరాఫీనో పందెపు పడవలను కట్టెను. 1962లో మునిమనుమడు కార్లో నిర్మించిన ‘అక్వారామా’ లోకప్రసిద్ధి నందెను.

ఆ పడవకు వన్నె తెచ్చునది మహాగని కొయ్య. కొయ్య తేమను పీల్చి ఉబ్బును, ఎండకు బీటలువారును. అందుచే వార్నిషును పూసి, ఆరనిచ్చి, నునుపుచేసి, మరల మరల పూయుదురు. తొందరపడినచో తేమ లోనికి చొచ్చి కొయ్య చివుకును.

1969లో కార్లో సంస్థను విక్రయించెను. గాజునార పడవలు వ్యాపించుటచే కొయ్యపడవలు తగ్గెను. 1996లో అక్వారామా నిర్మాణమును నిలిచెను. అయినను నాటి పడవలు నేటికిని సరస్సులపై తిరుగుచున్నవి. ఓర్పుతో చేసిన పని, చేసినవానికంటె దీర్ఘాయువు గలది.