కన్నుకు చిక్కని చుక్కలు

డిసెంబరు నెలలో ఒక రాత్రి ఎనిమిది గంటలకు మేడ మీదికెక్కి తూర్పువైపు చూడండి. వరుసగా మూడు చుక్కలు, వాటి చుట్టూ నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు కనబడతాయి. అదే ఓరియన్ అనే వేటగాడి నక్షత్రరాశి. ఎడమ పక్కన ఎర్రగా ఉన్నది ఆర్ద్ర. ఇంకాస్త పైన గుంపుగా ఉన్నవి కృత్తికలు. వాటినే మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు.

ఇదే ఆకాశాన్ని లదాఖ్‌లోని హాన్లే దగ్గర ఫోటో తీస్తే వేల చుక్కలు పడతాయి. వేటగాడి నడికట్టు కింద గులాబీరంగు మేఘం కూడా కనబడుతుంది. అది సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నిహారిక. మన కంటికి అది మసక మచ్చ మాత్రమే. ఎందుకని?

కొళాయి నుంచి నీరు బొట్టుబొట్టుగా కారుతోందనుకోండి. దోసిలి పట్టి వెంటనే తీసేస్తే చెయ్యి తడుస్తుంది, అంతే. బిందె పెట్టి ఓపిక పడితే తెల్లవారేసరికి నిండుతుంది. కన్ను దోసిలి వంటిది. వచ్చిన కాంతిని నిలవ చేసుకోలేదు. కెమెరా బిందె వంటిది. 1880లో అమెరికాలో హెన్రీ డ్రేపర్ తన దుర్భిణికి అమర్చిన కెమెరాను 51 నిమిషాలు తెరిచి ఉంచి, ఈ నిహారికను మొట్టమొదటిసారి ఫోటో తీశాడు.

అయితే బిందెలో మురికినీరు కూడా పడితే? వీధిదీపాల వెలుగు గాలిలోని తేమకు, దుమ్ముకు తగిలి చెదిరి, అదే బిందెలో చేరుతుంది. చుక్కలు అందులో మునిగిపోతాయి. అందుకే ఎడారి కావాలి.

మంచుకొండల లదాఖ్ ఎడారి ఎలా అయింది? ఇసుక ఉంటేనే ఎడారి కాదు. వాన, మంచు బాగా తక్కువ పడే చోటు ఎడారే. మన వేధశాల ఉన్న హాన్లే కొండ ఎత్తు సుమారు 4,500 మీటర్లు. అక్కడ గాలి పలుచన, తేమ తక్కువ. అక్కడి 2 మీటర్ల చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచే నడుపుతారు.

మీరు అక్కడికి వెళ్లారనుకోండి. కెమెరాను ముక్కాలిపీట మీద బిగించండి. చేతి అదురు తగలకుండా టైమరు పెట్టండి. ఎంతసేపు తెరిచి ఉంచాలి? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక, ఎక్కువసేపు ఉంచితే చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్సు నాభ్యంతరంతో భాగించడం ఒక మోటు లెక్క. 20 మిల్లీమీటర్ల లెన్సయితే 25 సెకన్లు.

చలికాలపు రాత్రి అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో దిగువకు పోతుంది. బ్యాటరీలో రసాయన చర్య మందగించి, నిండుగా ఉన్నదే తొందరగా చేతులెత్తేస్తుంది. అందుకే రెండో బ్యాటరీని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో దాచుకోవాలి. తిరిగి గదిలోకి వచ్చేముందు కెమెరాను సంచిలో మూసేయాలి. లేకపోతే చల్లని గ్లాసు మీద పట్టినట్టే దాని మీద నీరు పడుతుంది.

ఇంతచేసినా, చీకటి లేకపోతే అంతా వృథా. అందుకే 2022లో హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి గ్రామస్థులు కిటికీలకు తెరలు వేసుకుంటారు, దీపాలకు మూతలు పెట్టుకుంటారు. దీపం వద్దని కాదు, వెలుగు నేల మీదే పడాలని!

హాన్లే దాకా వెళ్లక్కరలేకుండా మీరూ ఒక ప్రయోగం చేయవచ్చు. ఇంట్లో ఫోనును ఇటుకలకు ఆనించి ఓరియన్‌ను రెండుసార్లు ఫోటో తీయండి: వాకిట్లో దీపం వెలిగించి ఒకసారి, ఆర్పి ఒకసారి. రెండింటిలోనూ చుక్కలు లెక్కపెట్టండి. ఆ తేడా ఎంతో, ఒక్క దీపం ఎన్ని చుక్కల్ని మింగిందో మీకే తెలుస్తుంది.