మూడో రోజు దాకా ఆగుదాం

యూదా రాజు హిజ్కియా మరణకరమైన జబ్బుతో మంచం పట్టాడు. గోడవైపు ముఖం తిప్పుకొని కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన ఆలకించి మరో పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు. కథ అక్కడితో ముగిసిందని చాలామంది అనుకుంటారు. కానీ అందులో ఇంకో రెండు చిన్న సంగతులున్నాయి (2 రాజులు 20:5-7). ఒకటి, ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి రాజు కురుపు మీద వేయించాడు. రెండు, రాజు లేచి మందిరానికి వెళ్లేది ఆ రోజు కాదు, మూడో రోజున. బాగుచేస్తానన్న దేవుడు మందును కాదనలేదు, గడువునూ తానే పెట్టాడు. ఈ సంగతిని పెద్దపల్లిలో ఒక చలికాలం మేము మరచిపోయాం. ఆ మరపుకు బాధ మాత్రం మా సంఘంలోని ఒక తమ్ముడు పడ్డాడు.

వేసవిలో పెద్దపల్లి, రామగుండం ప్రాంతాల్లో నిప్పులు చెరిగే ఎండ. బయట ఆడాలంటే మాకు చలికాలమే అనువైన కాలం. క్రిస్మస్ ముందు నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామునే కుర్రాళ్లు మఫ్లర్లు చుట్టుకొని మైదానం చేరతారు. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ పోటీలన్నీ అప్పుడే. మా యువజన కూటంలోనూ ఒక వాలీబాల్ జట్టుంది. నవంబరు చివర్లో ఒక ఉదయం, మంచుకు తడిసిన గడ్డి మీద ఆ తమ్ముడు కాలుజారి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. అతడు మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు. కుడిచేయి కదిలితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆరు వారాలకు కట్టు విప్పారు. ‘ఎముక అతికింది గానీ ఇంకా లేత. మరో రెండు నెలలు ఆట జోలికి పోవద్దు, చెప్పిన వ్యాయామాలు చెయ్యి’ అన్నారు డాక్టరు. సంక్రాంతి పోటీలు నాలుగు రోజుల్లో ఉన్నాయి. జట్టులో మంచి ఆటగాడు అతడే. ‘ఇన్నాళ్లూ ప్రార్థన చేశాం, కట్టు కూడా తీశారు, ఇంకా భయమెందుకు? విశ్వాసంతో ఆడు’ అన్నాం. అన్నది ఎవరో కాదు, పెద్దవాళ్లమైన మేమే. రెండో ఆటలో బంతి కోసం దూకి అదే చేతి మీద పడ్డాడు. అదే చోట ఎముక మళ్లీ చిట్లింది. మళ్లీ కట్టు, మళ్లీ పని లేని నెలలు. చూడటానికి వెళ్తే అతడు అడిగిన మాట ఒక్కటే: ‘దేవుడు నన్ను బాగుచేయలేదా అన్నా?’ మాకు నోట మాట రాలేదు.

దేవుడు బాగుచేస్తూనే ఉన్నాడు. మేమే మధ్యలో చేయి పెట్టాం. ఎముక విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. కొన్ని వారాల్లో దాని స్థానంలో మెత్తని పదార్థం వంతెనలా అల్లుకొని రెండు ముక్కలనూ కలుపుతుంది. ఆ తర్వాత అందులో కాల్షియం చేరి గట్టిపడుతుంది. అలా గట్టిపడిన ముద్దను శరీరం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సరిచేసి మునుపటి ఆకారానికి తెస్తుంది. కట్టు విప్పే రోజు ఈ పనికి మధ్యలో వస్తుందే తప్ప చివర్లో కాదు. స్లాబు పోసి సెంట్రింగ్ తీసిన నాడే దాని మీద ఇటుకలు గుట్టగా పోస్తామా? పైగా ఆరు వారాలు కట్టులో ఉన్న చేతికి కండ తగ్గుతుంది, కీలు బిగుసుకుంటుంది. మోకాలి కింది పెద్ద ఎముక విరిగితే మూడు నాలుగు నెలలు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. పొగతాగేవారికి, చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి మరింత ఆలస్యమవుతుంది.

అలాగని భయపడి చేతిని ఎప్పటికీ జోలెలోనే ఉంచుకోవడమూ తప్పే. మోసే బరువును బట్టి ఎముక తన బలాన్ని తానే పెంచుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే వివరించాడు. బరువు అసలు పడకపోతే ఎముక పలచబడుతుంది. అంతరిక్షంలో నెలల తరబడి ఉండి వచ్చినవారికి జరిగేది ఇదే. కాబట్టి కావలసింది మెట్టుమెట్టుగా ఎక్కడం. డాక్టరు సరేనన్నాక మొదట మెత్తని బంతిని పిసకడం, తర్వాత చిన్న బరువులు, ఆ తర్వాత గోడకు బంతి కొట్టడం, చివరికి జట్టుతో ఆట. ఒక మెట్టులో నొప్పి, వాపు వస్తే వెనక్కి ఒక మెట్టు దిగాలి. చలికాలం ఉదయాల్లో కండరాలు బిగుసుకొని ఉంటాయి. అందుకని ఒళ్లు వేడెక్కే దాకా నెమ్మదిగా పరుగు తీయాలి, గడ్డి మీద మంచు ఆరే దాకా ఆగాలి. పాలు, గుడ్లు, తైదలు, నువ్వులు తినాలి. సంక్రాంతి సకినాల్లో మన పెద్దలు నువ్వులు కలపనే కలిపారు!

కాకినాడలో పుట్టిన క్రికెటర్ హనుమ విహారి చాలామందికి తెలుసు. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్‌లో ఇండోర్‌లో బంతి తగిలి అతని ఎడమచేతి ఎముక విరిగింది. అయినా మళ్లీ వచ్చి, ఎడమచేతి వాటంగా నిలబడి ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు. ఆ దృశ్యం ఊరూరా సెల్‌ఫోన్లలో తిరిగింది. మా కుర్రాళ్లూ చూసి చప్పట్లు కొట్టారు. ఆ మ్యాచ్‌లో ఆంధ్ర ఓడింది. అదే విహారి ఆ జులైలో దక్షిణ మండలానికి నాయకుడిగా దులీప్ ట్రోఫీ గెలిచాడు. మధ్యలో గడిచిన నెలలను ఏ సెల్‌ఫోన్ చూపలేదు. ఆస్ట్రియా స్కీయింగ్ వీరుడు హెర్మన్ మైయర్ సంగతీ అంతే. 2001 ఆగస్టులో మోటారు సైకిల్ ప్రమాదంలో అతని కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత పనైంది. 2002 ఒలింపిక్స్‌ను వదులుకున్నాడు. 2003 జనవరిలో మళ్లీ మంచు మీదికి వచ్చి, అదే నెలలో గెలిచాడు. లోకం గెలుపును లెక్కపెడుతుంది, దేవుడు ఆగిన దినాలను కూడా లెక్కపెడతాడు.

ఆగడం ఒంటరిగా చేసే పని కాదు. ఆ తమ్ముడి రెండో కట్టు సమయంలో మేము దిద్దుకున్నది అదే. అతని ఇంటికి నెలవారీ బియ్యం, సరుకులు సంఘం తరఫున పంపాం. జట్టుకు దూరం చేయకుండా మైదానంలో స్కోరు రాసే పని అప్పగించాం. ఆసుపత్రికి ఒకరం తోడు వెళ్లి, డాక్టరు మాటలు మేమూ విన్నాం. ముందుగా అతని దగ్గర కూర్చొని, ‘తప్పు నీ విశ్వాసంలో లేదు తమ్ముడూ, మా తొందరలో ఉంది’ అని ఒప్పుకున్నాం.

మరుసటి చలికాలం అతడు మళ్లీ ఆడాడు. మణికట్టు మునుపటంతగా వంగదు. సర్వీసు ఎడమచేత్తో వేయడం నేర్చుకున్నాడు. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడిన యాకోబు ఆశీర్వాదం పొందాడు గానీ, పొద్దు పొడిచే వేళకు కుంటుతూనే నడిచాడు (ఆది 32:31). ఆ కుంటు నడక ఓటమి గుర్తు కాదు, దేవుడు తనను విడిచిపెట్టలేదనడానికి గుర్తు.

మన ఇళ్లల్లో, మన సంఘాల్లో కట్టు విప్పుకొని మైదానం వైపు ఆశగా చూస్తున్న పిల్లలు ఉంటారు. వారి కోసం ప్రార్థించే మనమే వారిని తొందరపెట్టకూడదు. ప్రార్థిద్దాం, మందు వేయిద్దాం, మూడో రోజు దాకా వారితో కలిసి ఆగుదాం. ఆ ఓపికను ప్రభువు మనందరికీ దయచేయును గాక!