ప్రళయకావేరి పల్లెలకు వెళ్ళేవారికి



గ్రీసు దేశంలో మీలోస్ అనే ద్వీపం ఉంది. అక్కడ క్లీమా అనే జాలరి పల్లెలో కింది గదిలో పడవ, పై గదిలో మనుషులు ఉండేవారు. ఆ పడవ గదుల్లో ఎన్నో ఇప్పుడు యాత్రికులకు అద్దె గదులైపోయాయి. అలాంటి చోటికి సెలవుల్లో వెళ్ళాలనే సరదా మా వైట్‌ఫీల్డ్‌లో బాగా పెరిగింది. తప్పేమీ లేదు. అయితే వైట్‌ఫీల్డ్ మీదుగా పోయే రైల్లో చెన్నై చేరి, అక్కడ సూళ్ళూరుపేట లోకల్ ఎక్కితే, మన మాటే మాట్లాడే చేపల పల్లెలు కనిపిస్తాయి. అదే పులికాట్ సరస్సు. మనవాళ్ళ పాత పేరు ప్రళయకావేరి. స.వెం.రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' ఆ దీవుల తెలుగులోనే ఉంటాయి. వెళ్ళేముందు చదవండి, సగం ప్రయాణం అయినట్టే.

చిలికా తర్వాత మన దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు అంటారు. ఎక్కువ భాగం ఆంధ్రలో, కొంత తమిళనాడులో ఉంది. సముద్రానికీ సరస్సుకీ నడుమ శ్రీహరికోట అడ్డుగోడలా నిలిచింది. తడ స్టేషన్‌లో దిగి భీములవారిపాలెం వెళితే, అక్కడినుంచి ఇరకం దీవికి పడవ దొరుకుతుంది. బియ్యం బస్తా అయినా, పెళ్ళివారైనా, జబ్బు మనిషైనా పడవమీదే దాటాలి.

ఈ పల్లెల బతుకంతా ముఖద్వారాలమీద ఆధారపడి ఉంది. ముఖద్వారం అంటే సముద్రపు నీరు సరస్సులోకి వచ్చిపోయే దారి. రొయ్య గుడ్డు పెట్టేది సముద్రంలో. పిల్ల రొయ్యలు ఆటుపోట్లతో లోపలికొచ్చి, ఉప్పు తక్కువైన నీళ్ళలో పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. ఆ దారి ఇసుకతో పూడిపోతే పిల్ల లోపలికి రాదు, వల నిండదు. ఉత్తరాన రాయదొరువు దగ్గర పూడిక తీయమని జాలర్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. నీళ్ళు తగ్గేకొద్దీ రాష్ట్రాల సరిహద్దు గీత గుర్తుకొస్తుంది. ఇటువారు అటు వల వేశారని తగాదాలూ వస్తాయి. చేపకు ఎల్లలు తెలియవు కదా! తమిళనాడు వైపు కొన్ని పల్లెల్లో 'పాడు' అనే కట్టుబాటు ఉంది. మంచి చోట ఎవరు ఏ రోజు వల వేయాలో వంతులు వేసుకుంటారు. బళ్ళో పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేటప్పుడు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దక్షిణాన పులికాట్ పట్నంలో డచ్చివారు 1613లో కట్టిన కోట ఆనవాళ్ళు, వారి సమాధులు ఉన్నాయి. ఒక పూట చాలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళండి. శ్రీహరికోట దారికి రెండువైపులా ఫ్లెమింగోలు కనిపిస్తాయి. దగ్గర్లోని నేలపట్టులో కడప చెట్లమీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. పడవ బాడుగ ముందే మాట్లాడుకోండి, లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. ఆరబెట్టిన వలల్ని తొక్కకండి. వల బాగుచేసే వారిని ఫోటో తీయాలంటే అడిగి తీయండి. తినే చేపలు ఆ ఊళ్ళోనే కొనండి, బేరం మరీ గీచిగీచి ఆడకండి. చీకటి పడకముందే పడవ తిరిగి ఒడ్డుకు చేరాలి, కాబట్టి పొద్దున్నే బయల్దేరండి.