ధ్వని రేణువులు

మా అబ్బాయి బల్లమీద కొత్తగా వెలసిన పెట్టెను చూసి మొదట నవ్వాను. పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోంచి ఒక ముక్క కోసుకొచ్చినట్టుంది.

"ఇన్ని తీగెలున్నాయి గాని, మీటే తీగె ఒక్కటీ లేదేమిట్రా?" అన్నాను.

"ఇది మాడ్యులర్ సింథసైజర్, నాన్నా! మీటేది కాదు, అల్లేది" అన్నాడు వాడు.

ఆ అల్లిక ఏమిటంటే, పెట్టెలో ఒక్కొక్క పలక ఒక్కొక్క పనే చేస్తుంది. ఒకటి శబ్దాన్ని పుట్టిస్తుంది, ఒకటి వడగడుతుంది, ఒకటి హెచ్చుతగ్గులు చూస్తుంది. దేన్ని దేనితో కలపాలో తీగెలు గుచ్చి మనమే తేల్చుకోవాలి. 1969లోనే అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఇలాంటి మూగ్ యంత్రాన్ని నెలకొల్పాడు గనక, మన దేశానికి ఇది మరీ కొత్త చుట్టమేమీ కాదు.

నన్ను పట్టుకున్నది మాత్రం 'క్లౌడ్స్' అనే పలక. పేరుకు తగ్గట్టు మబ్బే. కొద్ది సెకన్ల శబ్దాన్ని లోపల పట్టి ఉంచి, రేణువులుగా తరుగుతుంది. సెకనుకు 20 ముక్కలనుకోండి, ఇంకా చిన్నవీ చేయవచ్చు. శబ్దాన్ని ఇలా రేణువులుగా భావించవచ్చునని 1947లో చెప్పినవాడు డెన్నిస్ గాబర్. హోలోగ్రఫీకి 1971లో నోబెల్ బహుమతి పొందినది ఆయనే. గ్రీకు స్వరకర్త జెనాకిస్ 1959లో టేపు ముక్కలు కోసి అతికించి ఈ పని చేశాడు. 1986లో కెనడాలో బారీ ట్రూయాక్స్ దీన్ని యంత్రం చేత అప్పటికప్పుడే చేయించాడు.

టేపును నెమ్మదిగా తిప్పితే ఆడగొంతు మగగొంతైపోవడం మనం ఎరిగినదే. ఇక్కడ అలా కాదు. అదే పువ్వును పదేసిసార్లు గుచ్చి దండ పొడుగు చేసినట్టు, ఒక్కొక్క రేణువే మళ్లీ మళ్లీ, ఒకదానిమీద ఒకటి ఒరుగుతూ వినిపిస్తుంది. కాలం సాగుతుంది, శ్రుతి చెదరదు.

అప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. 1986 నాటి క్యాసెట్టులో, ఎవరో ఆపడం మరిచిపోయిన చోట, అమ్మ గొంతు 4 సెకన్లు ఉంది: "రండర్రా, రండి! అన్నం చల్లారిపోతోంది." ఆవిడ మాటల్లో మాకు మిగిలినవి అవే.

మూడు రాత్రులు కూర్చున్నాను. రేణువును ఎక్కణ్ణుంచి తియ్యాలో ఒక నాబు, ఎంత పొడుగో ఒకటి, ఎంత చిక్కగానో ఒకటి. పది నిమిషాల సంగీతం తయారైంది. తాళం లేదు, పల్లవి లేదు. తంబురా శ్రుతిలా గదంతా నిండిపోతుంది. 1978లో బ్రయన్ ఈనో 'ఆంబియెంట్' అని పేరుపెట్టిన బాణీ ఇదే. చెవి ఒగ్గి వినవచ్చు. పని చేసుకుంటూ వదిలెయ్యనూ వచ్చు.

అక్కయ్యకు వినిపించాను. చివరిదాకా విని, "బాగానే ఉందిరా. అమ్మ ఏదీ?" అంది.

నిజమే. రేణువు చిన్నదైన కొద్దీ హల్లులు కరిగిపోతాయి, అచ్చులే మిగుల్తాయి. గొంతును కాపాడబోయి పిలుపును పోగొట్టాను.

మళ్లీ కూర్చున్నాను. ఈసారి నాబులు తక్కువ తిప్పాను. మబ్బు క్రమంగా పలచబడి, తొమ్మిదో నిమిషంలో రేణువులన్నీ ఆగిపోతాయి. కాస్త నిశ్శబ్దం. ఆ తర్వాత, తరగని కొయ్యని ఆ 4 సెకన్లు, టేపు బరబరతో సహా.

అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, కొంగు దోపుకుని, "రండర్రా, వడ్డిస్తాను" అంది.