గర్భిణులకు వచ్చే రక్తపుపోటు

మన నేతకుటుంబాలలో ఆడవారు నెలలు నిండేదాకా కండెలు చుట్టుతూనే ఉంటారు. సాయంత్రానికి పాదాలు పొంగితే, "రోజల్లా కూర్చున్నది గదా, నీరు పట్టింది" అని పెద్దలు తేల్చివేస్తారు. చాలసార్లు ఆ మాట నిజమే. నిజం కాని సందర్భాన్ని కంటితో పోల్చుకొనలేకపోవడమే చిక్కు.

గర్భం నిలిచినది మొదలు తల్లి ఒంట రక్తం వృద్ధి అవుతుంది. ఉప్పునూ నీటినీ నిలువచేసే ఆల్డోస్టిరోను, నాళాలను బిగించే యాంజియోటెన్సిను మామూలు కంటె చాల హెచ్చుతాయి. ఆ లెక్కన ప్రతి గర్భిణికీ పోటు రావలసినదే. రాదు సరిగదా, నడిమి నెలలలో కొంత తగ్గుతుంది కూడ! ఏలనన, ఆరోగ్యంగా ఉన్న గర్భిణి నాళాలు యాంజియోటెన్సినుకు అంత సులభంగా లొంగవు. ప్రొజెస్టిరోను అనే హార్మోను ఆల్డోస్టిరోను పనికి అడ్డు తగులుతుంది. ప్రీఎక్లాంప్సియా అనే జబ్బులో ఇదంతా తారుమారు. ఆల్డోస్టిరోను తక్కిన గర్భిణులలో కంటె తక్కువగానే ఉంటుంది. అయినా నాళాలు కొద్దిపాటికే బిగుసుకొని పోటు పెరుగుతుంది.

దీని మూలం మావిలో ఉన్నది. మొదటి నెలలలో గర్భాశయపు నాళాలు చాలినంత వెడల్పు కాకపోతే మావికి రక్తం చాలదు. అటువంటి మావి ఎస్-ఎఫ్‌ఎల్‌టి-1 అనే పదార్థాన్ని మితిమీరి విడుస్తుందనీ, అది తల్లి నాళాలను కాపాడే పి.ఎల్.జి.ఎఫ్.ను పట్టి బంధిస్తుందనీ 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం చూపింది. ఈ రెంటి నిష్పత్తిని కొలిచే పరీక్షకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది.

ఆ పరీక్ష మన వాడలో దొరకదని చింత వద్దు. జబ్బును పట్టి ఇచ్చేది ఇప్పటికీ చేతికి చుట్టే పట్టీ, మూత్రపరీక్షలే. 20 వారాలు దాటిన పిమ్మట పోటు 140/90కి చేరితే ఊరకుండరాదు. 160/110 అయితే ఆ గంటనే ఆస్పత్రికి పోవలెను. తగ్గని తలనొప్పి, కళ్ళ మసక, కుడి డొక్క పైభాగాన నొప్పి, ముఖమూ చేతులూ హఠాత్తుగా ఉబ్బడం కూడ అటువంటివే. ఇంకా ముదిరితే మూర్ఛ వస్తుంది. మన పెద్దలు గుర్రపువాతమన్నది దానినే. మెగ్నీషియం సల్ఫేటు ఇస్తే ఆ మూర్ఛ సగానికి పైగా తగ్గుతుందని సుమారు 10,000 మంది స్త్రీలపై జరిగి 2002లో వెలువడిన పరిశోధన తేల్చింది.

ముందు కాన్పులో ఈ జబ్బు వచ్చినవారు, కవలలను మోసేవారు, మధుమేహం గాని మూత్రపిండాల వ్యాధి గాని ఉన్నవారు మొదటి నెలలలోనే డాక్టరుకు చెప్పవలెను. అట్టివారికి 16 వారాల లోపుగా తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టుట కలదు. సొంతంగా కొని మింగరాదు. ఉప్పు మానిపిస్తే చాలుననుకోవడం పాత భ్రమ. దానివలన ఈ జబ్బు ఆగదు. ప్రభుత్వ ఆస్పత్రులలో ప్రతినెలా 9వ తేదీన గర్భిణులను ఉచితంగా పరీక్షించే పథకం 2016లో మొదలైంది.

కాన్పుతోనే గండం గడిచిందని పట్టీ ప్రక్కన పెట్టేవారున్నారు. ఆ తరువాతి వారంలో కూడ మూర్ఛ రావచ్చును. బాలింత తలనొప్పి అంటే, చలిగాలి తగిలిందని చెవులకు గుడ్డ కట్టి ఊరుకొనక, ముందు పోటు చూపించండి.